6 నెలల పాపకు ఎగ్జిమా ఉంది: పల్లీలు, గుడ్డు ఎప్పుడు, ఎంత, ఎలా మొదలుపెట్టాలి?

సిరి_వనస్థలిపురం

పాపకు వచ్చే వారం 6 నెలలు నిండుతాయి. ఇప్పటిదాకా తల్లిపాలే. బరువు 7 కిలోలు. మూడో నెల నుంచి బుగ్గల మీద, మోకాళ్ల వెనక, మోచేతి మడతల్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, దురదతో ఎర్రగా రేగడం). 1 శాతం హైడ్రోకార్టిజోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ క్రీము నాలుగైదు రోజులు రాస్తే తగ్గుతుంది, ఆపిన కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. వాళ్ల నాన్నకు రొయ్యలు పడవు.

అన్నప్రాశన దగ్గరికొచ్చింది. పల్లీలు, చేప ఏడాది దాటాకే అని, గుడ్డులో పచ్చసొన ఇప్పుడు పెట్టి తెల్లసొన తర్వాత చూద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నెట్‌లో చూస్తే ఎంత తొందరగా పెడితే అంత మంచిదని ఉంది. ఏది నమ్మాలి? ముందే రక్తపరీక్ష చేయించాలా? పల్లీలు పెట్టేటట్టయితే మొదటి రోజు ఎంత, ఏ రూపంలో? స్పూను లెక్కలో చెప్పగలిగితే మేలు.

బాలవైద్యం_బెజవాడ

మీ పెద్దవాళ్ల మాట వాళ్లు పుట్టించింది కాదండీ, ఒకప్పుడు మా డాక్టర్లం చెప్పిందే. 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అలర్జీ ముప్పున్న పిల్లలకు ఆవుపాలు ఏడాది, గుడ్డు రెండేళ్లు, పల్లీలు, చేప మూడేళ్లు దాటాకే అని రాసింది. ఇలా ఆపితే అలర్జీ తగ్గుతుందనడానికి ఆధారం లేదని 2008లో వాళ్లే ఆ సలహా వెనక్కి తీసుకున్నారు. ఆ వెనక్కి తీసుకున్న సంగతే మన ఇళ్లదాకా చేరలేదు.

కథ మలుపు తిరిగింది లండన్‌లో. బ్రిటన్‌లో పెరిగే యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం ఉంటే, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతమే ఉందని గిడియన్ లాక్ బృందం 2008లో చూపించింది. ఇజ్రాయెల్‌లో పళ్లు కూడా సరిగ్గా రాని పిల్లలకే పల్లీలతో చేసిన బాంబా అనే బొరుగుల్లాంటి చిరుతిండి పెడతారు. అది కారణమా కాదా తేల్చడానికి లీప్ అనే ప్రయోగం చేశారు. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని తీసుకుని, సగం మందికి వారానికి 6 గ్రాముల పల్లీ ప్రొటీన్ పెట్టించారు, మిగతా సగానికి పూర్తిగా ఆపించారు. మొదట్లో చర్మపరీక్ష (చర్మం మీద పల్లీ సారం చుక్క వేసి, గుచ్చి, పొంగు వస్తుందేమో చూసేది) నెగెటివ్ ఉన్నవాళ్లలో ఐదేళ్లకు పల్లీ అలర్జీ వచ్చింది ఆపినవాళ్లలో 13.7 శాతానికి, తిన్నవాళ్లలో 1.9 శాతానికి. అప్పటికే పరీక్షలో కొంచెం పాజిటివ్ ఉన్నవాళ్లలో కూడా 35.3కి బదులు 10.6. 2015లో ఇది అచ్చయింది. అదే పిల్లలను 12 ఏళ్లు దాటాక మళ్లీ చూస్తే చిన్నప్పుడు తిన్నవాళ్లలో అలర్జీ 71 శాతం తక్కువగానే ఉందని 2024లో చెప్పారు.

ఇంత గట్టి రుజువు ఉన్నది పల్లీలకు, ఆ తర్వాత బాగా ఉడికిన గుడ్డుకు. చేప, గోధుమ, నువ్వులకు అంత బలమైన లెక్కలు లేవు. కానీ వాటిని ఆపితే లాభం ఉందన్న లెక్కలు అసలే లేవు.

మీ పాప విషయానికొస్తే, 1 శాతం హైడ్రోకార్టిజోన్‌తో అణిగే ఎగ్జిమాను సాధారణంగా తేలికపాటి నుంచి మధ్యస్థం అంటాం. 2017 అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి పిల్లలకు 6 నెలల ప్రాంతంలో, ముందస్తు పరీక్ష లేకుండా ఇంట్లోనే పల్లీలు మొదలుపెట్టొచ్చు. ఒళ్లంతా పుండ్లై, ఘాటు స్టెరాయిడ్లు తరచూ అవసరమయ్యే పిల్లలు, గుడ్డు తిని ఒకసారి దద్దుర్లు వచ్చిన పిల్లలు వేరు; వాళ్లకు 4 నుంచి 6 నెలల మధ్యే డాక్టరును కలిసి, పరీక్ష చూసుకుని పెట్టాలి. మన దగ్గర 6 నెలలు నిండేదాకా తల్లిపాలే అన్నది ప్రభుత్వమూ, పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా చెప్పేదే, మీరు అక్కడికి వచ్చేశారు గనక ఆ రెండింటికీ గొడవే లేదు. మీ డాక్టరుకు ఒకసారి చర్మం చూపించి, ఇది మధ్యస్థమేనని ఖాయం చేసుకోండి. ఫోన్‌లో రాసిన వర్ణన చూసి నేను ఖాయం చేయకూడదు.

నాన్న రొయ్యల అలర్జీ అలాగే పాపకు దిగదు. అలర్జీ స్వభావం కొంత రావచ్చు గానీ, ఏ వస్తువుకు వస్తుందన్నది వారసత్వం కాదు. పాప ముప్పుకు అసలు గుర్తు నాన్న రొయ్యలు కాదు, పాప చర్మం.

పోషణ_డైటీషియన్

స్పూను లెక్క నేను చెబుతాను. టీస్పూను అంటే మందు సీసాతో వచ్చే 5 మి.లీ. కొలత. వంటింట్లో ఒక్కో స్పూను ఒక్కో సైజు, అక్కడే లెక్క తప్పుతుంది.

పల్లీలు నేరుగా మొదటి ముద్దగా పెట్టకండి. ముందు నాలుగైదు రోజులు ఉగ్గు గానీ మెత్తగా చేసిన బియ్యం-పెసరపప్పు జావ గానీ తిననివ్వండి. తల నిలపడం, ఆనిస్తే కూర్చోవడం, పెట్టింది నాలుకతో బయటికి తోసేయకుండా మింగడం వచ్చాయో లేదో అందులోనే తెలుస్తుంది.

పల్లీలు తెచ్చాక ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి. బూజు విషం అఫ్లాటాక్సిన్ వేయిస్తే పూర్తిగా పోదు. మిగిలినవాటిని సన్న సెగ మీద వేయించి, పొట్టు నలిపి ఊది, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. వేడి మీద వేసినా, ఒకే ఊపున తిప్పినా నూనె వదిలి గిన్నె అడుగున ముద్ద కడుతుంది. సన్న జల్లెడ పట్టి, పైన నిలిచిన పలుకు మళ్లీ తిప్పండి. పలుకు ఒక్కటి కూడా మిగలకూడదు.

సుమారు 10 పల్లీలు 8 గ్రాములు. పొడి చేస్తే రెండున్నర టీస్పూన్లు. అందులో ప్రొటీన్ 2 గ్రాములు. లక్ష్యం ఇంత మోతాదు వారానికి మూడుసార్లు, అంటే వారానికి 30 పల్లీలు.

మొదటి రోజు పావు టీస్పూను పొడి చాలు. దాన్ని టీస్పూను గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు రెండు మూడు స్పూన్ల జావలో వేయండి. పొడిని అలాగే జావ మీద చల్లితే పాప పీల్చినప్పుడు గొంతులోకి ఎగిరి దగ్గు వస్తుంది. అది చూసి అలర్జీ అనుకుని భయపడతారు. స్పూను కొసన ఒక్క చుక్కంత నాలుక మీద పెట్టి 10 నిమిషాలు చూడండి. ఏమీ లేకపోతే మిగతాది నెమ్మదిగా పెట్టి రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. రెండు మూడు రోజులకు అర టీస్పూను, ఆపైన ఒకటి, అలా రెండు వారాల్లో రెండున్నరకు చేరండి.

ఈ పని పొద్దున పూట, పాప హుషారుగా ఉన్నప్పుడు పెట్టుకోండి. రాత్రి పడుకోబోయే ముందు కాదు. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడూ, టీకా వేయించిన రోజూ వద్దు. ఒంటి మీద ఏదైనా కనిపిస్తే దేనివల్లో తేలదు.

ఉడకబెట్టిన పల్లీలు దీనికి సరిపోవు. ఉడికేటప్పుడు అలర్జీ కలిగించే ప్రొటీన్లలో కొంత నీళ్లలోకి దిగిపోతుంది, ఎంత తింటున్నదీ లెక్క ఉండదు. ఇంట్లో పల్లీ పచ్చడి ఉంది కదా అని అది నాకించడం కూడా వద్దు, ఉప్పు, కారం, చింతపండు ఈ వయసుకు కాదు. చక్కెర, ఉప్పు లేని పీనట్ బటర్ దొరికితే రెండు టీస్పూన్లకు రెండు మూడు టీస్పూన్ల వేడినీళ్లు కలిపి పలుచన చేసి, చల్లారాక వాడొచ్చు. పలుచన చేయని పీనట్ బటర్ అంగిలికి అతుక్కుని ఊపిరాడనివ్వదు. గింజలుగా ఐదేళ్లదాకా వద్దే వద్దు. పల్లీ గింజ ఊపిరితిత్తుల్లోకి పోయి బ్రాంకోస్కోపీ (గొట్టం లోపలికి పంపి గింజ తీయడం) దాకా వెళ్లే పిల్లలు మన ఆసుపత్రుల్లో కొత్త కాదు.

గుడ్డు సంగతి. పచ్చసొన ముందు, తెల్లసొన ఏడాదికి అన్న పద్ధతితో పని మొదటికే వస్తుంది. అలర్జీకి కారణమయ్యే ప్రొటీన్లు ఓవాల్బుమిన్, ఓవోమ్యుకాయిడ్ రెండూ ఉండేది తెల్లసొనలోనే. అది ఆపితే పాప ఒంటికి గుడ్డు పరిచయమైనట్టే కాదు. నీళ్లు మరిగాక 10-12 నిమిషాలు ఉడికించి, తెలుపు, పసుపు కలిపి మెత్తగా మెదిపి, పావు టీస్పూనుతో మొదలుపెట్టండి. పెంచుకుంటూ వెళ్లి వారంలో ఒక చిన్న గుడ్డు రెండు మూడు విడతల్లో పూర్తయితే చాలు. సగం ఉడికినవి, పచ్చి గుడ్డు కలిపినవి వద్దు. జపాన్‌లో వేడిచేసిన గుడ్డు పొడిని 6వ నెల నుంచి చాలా కొద్దిగా పెడితే ఎగ్జిమా ఉన్న పిల్లల్లో గుడ్డు అలర్జీ బాగా తగ్గింది. పచ్చి గుడ్డు పొడితో చేసిన వేరే ప్రయోగాల్లో మాత్రం మొదటి విడతలోనే చాలామందికి దద్దుర్లు, వాంతులు అయ్యాయి.

పల్లీలు ఒక వారం సాఫీగా నడిచాక గుడ్డు, అది కుదిరాక పెరుగు, బొంబాయి రవ్వ జావ, నువ్వుల పొడి, జీడిపప్పు ముద్ద, ముళ్లు తీసిన కొరమీను. కొత్త అలర్జీ వస్తువు రోజుకు ఒక్కటే. క్యారెట్‌కూ, సొరకాయకూ మూడేసి రోజులు ఆగనక్కర్లేదు, ఆ లెక్కన ఏడాది గడిచిపోతుంది. నువ్వులు పొడి చేయకుండా వేస్తే మింగినవి మింగినట్టే కిందికి వచ్చేస్తాయి.

చర్మం_ఓపీ

పైవాళ్లు నోటి దారి చెప్పారు, ఇంకో దారి ఉంది. పగిలిన చర్మం గుండా లోపలికి వెళ్లిన ఆహారపు ప్రొటీన్‌ను ఒళ్లు శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. నోటి ద్వారా వెళ్లినదాన్ని మామూలుగా సహిస్తుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఈ రెంటిలో ఏది ముందు జరుగుతుందన్నదే అసలు పందెం. మన ఇళ్లలో చర్మం దారి ఎక్కువ తెరిచి ఉంటుంది.

జపాన్‌లో ఒక ముఖం సబ్బులో గోధుమ ప్రొటీన్‌ను ముక్కలు చేసి కలిపారు. రెండు వేల మందికి పైగా వాడకందార్లకు గోధుమ అలర్జీ పట్టుకుంది, చపాతీ, బ్రెడ్ లాంటివి ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా తిన్న పెద్దవాళ్లకు. 2003లో బ్రిస్టల్ పిల్లల మీద వచ్చిన పరిశోధనలోనూ పల్లీ నూనె ఉన్న క్రీములు చర్మానికి రాసిన పిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువ కనిపించింది.

ఇప్పుడు సున్నిపిండి చూడండి. పెసలు, శనగలు, కొందరి ఇళ్లలో బాదం కూడా. మామూలు చర్మానికి ఏమో గానీ, ఎగ్జిమాతో రేగిన చోట రుద్దితే అది పైపొరను గీకడమూ, పప్పు ప్రొటీన్‌ను లోపలికి పంపడమూ రెండూ చేస్తుంది. పాప చర్మం నయమయ్యేదాకా ఆపండి. నూనె మర్దన ఆపనక్కర్లేదు, నూనె మార్చండి. గానుగ పల్లీ నూనె, గానుగ నువ్వుల నూనెలో ప్రొటీన్ ఆనవాళ్లు మిగులుతాయి, రిఫైన్డ్‌లో దాదాపు ఉండవు. గానుగ అయితే ఆరోగ్యం అని ఇప్పుడు అందరూ అదే కొంటున్నారు, తినడానికి కొనండి. ఆవనూనె చర్మాన్ని మండిస్తుంది, ఆలివ్ నూనె పైపొరను దెబ్బతీస్తుంది. కొబ్బరి నూనె లేదా వట్టి పెట్రోలియం జెల్లీ చాలు.

స్నానం గోరువెచ్చని నీళ్లతో 5-10 నిమిషాలు. తడి అద్ది, మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్. రాసే ముందు మీ చేతులు సబ్బుతో కడగండి, ముఖ్యంగా పల్లీలు పొడిచేసిన చేతులైతే. జావ తినిపించే ముందు పాప నోటి చుట్టూ, బుగ్గల మీద జెల్లీ పలుచగా రాసి ఉంచండి, అంటిన ముద్ద చర్మంలోకి దిగదు. తిన్నాక తుడవండి, రుద్దకండి.

ఒక మాట. చర్మం బాగున్న పిల్లలకు పుట్టిన దగ్గర్నుంచి మాయిశ్చరైజర్ పూస్తే ఎగ్జిమా రాదని ఆశపెట్టుకున్నారు గానీ, 2020లో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో అది తేలలేదు. వచ్చిన ఎగ్జిమాను అణచడం వేరు. జపాన్‌లో 2023లో, ఎగ్జిమా మొదలైన పసిపిల్లలకు మచ్చ కనిపించినా కనిపించకపోయినా స్టెరాయిడ్ క్రమం తప్పకుండా రాస్తే గుడ్డు అలర్జీ 41.9 నుంచి 31.4 శాతానికి దిగింది. కాకపోతే ఆ పిల్లల బరువు, ఎత్తు కూడా కొంచెం తగ్గాయి. కాబట్టి రాసే రోజులు, మోతాదు డాక్టరు చేతిలోనే ఉండాలి. అలాగని భయపడి ఎర్రగా రేగిన చర్మాన్ని వారాల తరబడి వదిలేయడం అంతకన్నా చేటు.

మెల్‌బోర్న్_నాన్న

ఇండియాలో ఇంత హడావుడి అవసరమా అని కొందరికి అనిపించొచ్చు. కర్ణాటకలో యూరోప్రివాల్-ఇంకో అనే అంతర్జాతీయ అధ్యయనం వాళ్లు బడి పిల్లలను చూస్తే ఆహార అలర్జీ 0.14 శాతమే తేలింది. ఇక్కడ మెల్‌బోర్న్‌లో హెల్త్‌నట్స్ అధ్యయనం ఏడాది పిల్లలకు ఆసుపత్రిలో తినిపించి చూస్తే 10 శాతం పైన. ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఆసియా మూలాలున్న తల్లిదండ్రులకు ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్లల్లో గింజల అలర్జీ తెల్లవాళ్ల పిల్లలకన్నా ఎక్కువ. ఆసియాలోనే పుట్టి తర్వాత ఇక్కడికొచ్చిన పిల్లల్లో తక్కువ. జన్యువులు అవే, ఊరు మారింది. కాబట్టి మా ఇంటి వంశంలో ఎవరికీ లేదు అన్న మాట విదేశంలో పుట్టే తెలుగు పిల్లలకు పనికిరాదు. ఇక్కడ పల్లీలు, గుడ్డు ఏడాదిలోపు పెట్టమనే చెబుతున్నారు, వారానికి కనీసం రెండుసార్లు కొనసాగించమని కూడా.

సిరి_వనస్థలిపురం

అందరికీ థాంక్సండీ. రెండు అడగాలి. ల్యాబ్ వాళ్లు 200 ఆహారాల అలర్జీ ప్యాకేజీ అని ఆఫర్ పంపారు, చేయించనా? పెట్టాక ఏం కనిపిస్తే పరిగెత్తాలి, ఏం కనిపిస్తే ఊరుకోవాలి?

బాలవైద్యం_బెజవాడ

ప్యాకేజీ వద్దు. వాటిలో చాలావరకు ఐజీజీ అనే యాంటీబాడీ పరీక్షలు. తిన్నదానికల్లా ఐజీజీ వస్తుంది, అది అలర్జీ కాదు. అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ ఐజీఈ అయినా పాజిటివ్ అంటే ఒంటికి పరిచయం అని మాత్రమే, తింటే పడదని కాదు. ఆ కాగితం చూసి పాలు, గోధుమ, గుడ్డు ఆపేసిన పిల్లలు బరువు తగ్గుతారు, ఆపినందువల్లే కొత్తగా అలర్జీ కూడా తెచ్చుకుంటారు. డాక్టరు అడిగితే ఒక్క పల్లీకి చేయించండి: ఐజీఈ 0.35 కన్నా తక్కువైతే ఇంట్లో పెట్టొచ్చు, ఎక్కువైతే చర్మపరీక్ష. చర్మం మీద పొంగు 0-2 మి.మీ. అయితే ఇంట్లోనే, 3-7 అయితే ఆసుపత్రిలో డాక్టరు ముందు తినిపించాలి, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అలర్జీ ఉండే అవకాశమే ఎక్కువ.

పెట్టాక టమాటా, నారింజ లాంటివి తగిలిన చోట మూతి చుట్టూ ఎర్రబడి అరగంటలో పోతే అది పులుపు మంట. వంకాయ తింటే దురద అన్నదీ చాలాసార్లు ఇలాంటిదే. ఊరుకోవచ్చు.

కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు ముద్ద తగలని చోట కూడా దద్దుర్లు లేచినా, పెదవి, కనురెప్ప వాచినా, వెంటవెంటనే వాంతులైనా పెట్టడం ఆపి, ఫోటో తీసి, డాక్టరుకు చూపించండి. ఆ వస్తువు మళ్లీ మీ అంతట మీరు పెట్టకండి. గొంతు బొంగురు, పిల్లికూతలు, ఎడతెగని దగ్గు, పాలిపోయి సోలిపోవడం కనిపిస్తే 108. పాపను భుజాన వేసుకుని పరిగెత్తకండి, వెల్లకిలా పడుకోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్ ఒక్కటే, తొడ కండకు, కిలోకు 0.01 మి.గ్రా. విదేశాల్లో 7.5 కిలోలు దాటిన పిల్లలకు 0.15 మి.గ్రా. అడ్రినలిన్ పెన్ను (మోతాదు ముందే నింపిన సూది) ఇస్తారు, మన దగ్గర అది దొరకడం కష్టం. ఆంప్యూల్ ఇంట్లో పెట్టుకుని ప్రయోగాలు వద్దు: మీ పాపకు పట్టేది 0.07 మి.గ్రా., అంటే మి.లీ.కు 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్‌లో 0.07 మి.లీ., అంత చిన్న మోతాదు కంగారులో తప్పుతుంది. దద్దుర్ల సిరప్ దురదనే తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడదు. మొదటి మోతాదులు పెట్టే రోజు ఇంటికి దగ్గర్లో 24 గంటల ఆసుపత్రి ఏదో ముందే చూసి ఉంచుకోండి.

ఇంకోటి ఉంది, దాన్ని కడుపు ఇన్ఫెక్షన్ అని పొరబడతారు. తిన్న 1-4 గంటలకు, దద్దుర్లేమీ లేకుండా, ఆగకుండా వాంతులు, పాలిపోయి నీరసం. ఎఫ్‌పైస్ అంటారు. అన్నం వల్ల కూడా వస్తుంది, మనవాళ్లు అన్నాన్ని అనుమానించరు గనక రెండు మూడుసార్లు అయ్యాక గానీ తేలదు. ఇది అడ్రినలిన్‌తో తగ్గదు, సెలైన్ కావాలి. చర్మపరీక్షలో కూడా దొరకదు. ఏ రోజు, ఏ పూట, ఏం పెట్టారో నోట్‌బుక్‌లో రాసుకుంటే డాక్టరు పని సగం తేలిక.

పోషణ_డైటీషియన్

ఒకటి వదిలేశాను. మీరు పథ్యం చేస్తున్నారా? పాపకు ఎగ్జిమా అని తల్లి గుడ్డు, పల్లీలు, చేప మానేస్తే పాపకు అలర్జీ తగ్గుతుందన్న రుజువు లేదు. మీరు మామూలుగా తినండి, తల్లిపాలు కొనసాగించండి. అలాగే తెలంగాణ అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి మూడూ ఉంటాయి, చక్కెర కూడా. గోధుమ, పాలు విడివిడిగా పెట్టి చూశాకే అది ఇవ్వండి, లేకపోతే ఏదైనా వస్తే మూడింట్లో ఏదో వెతుక్కోవాలి.

చాలామంది ఒకసారి పల్లీలు పెట్టి, ఏం కాలేదని సంతోషించి, తర్వాత మూడు నెలలు మరిచిపోతారు. అది అసలు మొదలుపెట్టకపోవడం కన్నా మేలేమీ కాదు. లీప్‌లో పిల్లలు ఐదేళ్లు వచ్చేదాకా తిన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు అని ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. పాప ఒక్కోసారి ఉమ్మేస్తుంది, పోయినదాన్ని మళ్లీ కొలిచి పెట్టకండి, తర్వాతి వంతుకు చూసుకోవచ్చు. జావలో విసుగొస్తే అరటిపండు గుజ్జులోనో, పెరుగులోనో, ఇంకాస్త పెద్దయ్యాక దోసె పిండిలోనో కలపండి. పొడి ఒక వారానికి సరిపడా మాత్రమే చేసి, తడి లేని సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచండి. కమురు వాసన వస్తే పారేసి కొత్తది చేసుకోండి.